ముప్పై గంటల కొరత

నాకు చదువు ముప్పై గంటలు తక్కువైందని లెక్కల నిపుణుల గుర్తింపు మండలి వారు ఉత్తరం రాశారు. నాకు చదువు తక్కువని మా అత్తగారు కూడా ఇదివరకోసారి అన్నారు గానీ, ఎంత తక్కువో ఆవిడ గంటల్లో చెప్పలేకపోయారు. మండలి వారు చదువుకున్నవాళ్ళు కాబట్టి కచ్చితంగా చెప్పారు.

నా పేరు బొడ్డు హైమవతి. పాలకొల్లులో పేరి సోమసుందరం గారనే ఆడిటర్ దగ్గర ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. పాల సంఘాలు, చేనేత సంఘాలు, నాలుగైదు ప్రైవేటు స్కూళ్ళు, ఒక క్లబ్బు మా చేతిలో ఉన్నాయి. వాళ్ళ పుస్తకాలు తనిఖీ చేసి రిపోర్టు రాయడం నా పని. దాని కింద సంతకం పెట్టడం సారు పని. లైసెన్సు ఆయనకుంది, నాకు లేదు. ఈ ఏర్పాటు ఇన్నేళ్ళూ ఏ గొడవా లేకుండా సాగింది. కిందటేడు సారుకి డెబ్బై నాలుగు నిండి, కుడిచేతికి వణుకొచ్చింది. సంతకం పూటకోరకంగా పడటం మొదలైంది. ఒకసారి తను పెట్టిన సంతకాన్నే చూసి, ఇదెవరిదమ్మాయ్ అని నన్నడిగారు.

ఆ సాయంత్రమే ఆయన సంగతి తేల్చేశారు.

"మార్చి నెలాఖరుకి నా లైసెన్సు తిరిగిచ్చేస్తానమ్మాయ్. ఈలోగా నువ్వు తెచ్చుకున్నావనుకో, బయట బోర్డు మీద నా పేరు చెరిపించి నీ పేరు రాయిద్దాం. నేను ముందుగదిలో కూర్చుని పేపరు చదువుకుంటాను. లేదనుకో, ఆఫీసుకి తాళం వేసెయ్యడమే. సంఘాలోళ్ళు భీమవరం చూసుకుంటారు."

నాకు నలభై ఏడేళ్ళు. తాళం పడితే నాకు మళ్ళీ ఉద్యోగం ఎవరిస్తారన్నది ఒక భయం. అంతకన్నా లోపల ఇంకోటుంది. ఇరవై రెండేళ్ళుగా నేను రాసిన ఏ కాగితం మీదా నా పేరు లేదు. ఒక్క రిపోర్టు కిందైనా చూసుకోవాలని నాకు గట్టిగా ఉండేది. ఎవరితోనైనా అంటే ఏమనుకుంటారోనని అనలేదు.

సరే, లైసెన్సుకి దరఖాస్తు పెట్టాను. అదిగో, దానికి జవాబే ఆ ఉత్తరం.

ఈ గంటల గొడవ ఎలా వచ్చిందంటే, మండలి ఛైర్మన్ గారు ఆమధ్య ఏదో దేశం వెళ్ళొచ్చారు. అక్కడ ఆడిటర్ కావాలంటే నూట యాభై విద్యాగంటలు చదవాలట. ఆయన విమానం దిగిన మర్నాడే మనకీ నూట యాభై అయింది. అసలు అక్కడ విద్యాగంట అంటే ఏమిటో కనుక్కుందామనుకునేలోపే తిరుగు విమానం టైమైపోయిందట. అందుకని మనవాళ్ళే కూర్చుని ఒక సూత్రం కట్టారు. మూడేళ్ళ బి.కాం. చదువుకి నూట ఇరవై గంటలు. మిగతా ముప్పైకి ఎవరి తిప్పలు వారివి.

నేను బస్సెక్కి విజయవాడ వెళ్ళాను. మండలిలో విద్యార్హతల విభాగానికి డిప్యూటీ రిజిస్ట్రారు కొమరగిరి వామనరావు గారు. మంచి మనిషి. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తిగా వింటారు, విన్నాక నిబంధనల పుస్తకం తెరుస్తారు. ఆ పుస్తకానికి ప్లాస్టిక్ అట్ట వేసి, ఎనిమిది రంగుల కాగితాలు గుర్తుగా పెట్టుకున్నారు.

"ఇరవై రెండేళ్ళుగా ఈ పనే చేస్తున్నానండి" అన్నాను.

"అనుభవము విద్యకు ప్రత్యామ్నాయం కాజాలదమ్మా. చేసిన పనిని చదివినట్టు పరిగణిస్తే, రేపు చదివిన వారంతా తాము పని చేసినట్టు పరిగణించమంటారు. అప్పుడు మండలి ఏం కావాలి?"

మండలి ఏమైనా నాకభ్యంతరం లేదు గానీ ఆ మాట అనలేదు. ఆ ముప్పై గంటలూ ఎక్కడ చదవాలని అడిగాను. అభ్యర్థి తన సొంత జిల్లాలోనే చదవాలట. మా జిల్లాలో గుర్తింపు ఉన్న కోర్సులు రెండేనట. ఏ సబ్జెక్టయినా పరవాలేదు, గంటలు నిండితే చాలునట.

"ఒకటి తేనెటీగల పెంపకం. అయితే బోధకులు కుట్టించుకుని సెలవులో ఉన్నారు. రెండవది ఆడిట్ ఆచరణ విధానం, ముప్పై గంటలు, పాలకొల్లు మునిసిపల్ పాఠశాల, ఆదివారాలు. బోధకురాలు..." అని ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. "బోధకురాలు శ్రీమతి బి. హైమవతి."

"అది నేనేనండి" అన్నాను.

అది నిజమే. నాలుగేళ్ళుగా ఆదివారాలు ఆ పాఠం నేనే చెబుతున్నాను. లైసెన్సున్న ఆడిటర్లు ఏడాదికోసారి వచ్చి నా ముందు కూర్చుని, నా చేత సర్టిఫికెట్టు రాయించుకుని వెళ్ళేవారు. ఈ ఏడు వాళ్ళకి మినహాయింపు ఇచ్చారు కాబట్టి ఎవరూ రావడం లేదు.

"మరి నన్ను పాఠం చెప్పడానికి మీరే కదండీ పెట్టారు?"

"పెట్టాము. బోధకులకు అనుభవమే అర్హత. అభ్యర్థులకు విద్యే అర్హత. ఇందులో వైరుధ్యం లేదు."

"పాఠం చెప్పేదాన్ని, నాకది వచ్చినట్టే కదండీ?"

వామనరావు గారు కొంచెం నొచ్చుకున్నట్టు చూశారు. "బోధించినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదమ్మా. ఇందుకు మా మండలిలోనే చాలా ఉదాహరణలున్నాయి."

తరవాత పావుగంట పుస్తకం తిరగేశారు. ఆకుపచ్చ కాగితం దగ్గర ఆగారు. బోధకురాలు తన తరగతిలో తనే విద్యార్థినిగా చేరకూడదని ఎక్కడా రాసిలేదట. రాసిలేదు కాబట్టి చేరవచ్చునట. ఫారం ఇచ్చారు. దాని మొదటి వాక్యం, "నాకు విద్య ముప్పై గంటలు తక్కువైనదని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను." ఒప్పుకుని వచ్చేశాను.

దసరా వెళ్ళిన ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి బడికి వెళ్ళాను. హెడ్మాస్టరు గది బయట గోడకి వేలిముద్ర మిషను ఉంది. కుడి బొటనవేలు పెట్టి బోధకురాలిగా హాజరు వేశాను. విద్యార్థినిగా మళ్ళీ అదే వేలు పెడితే, మీరు ఇప్పటికే వచ్చియున్నారు అంది మిషను. అప్పుడు ఎడమ బొటనవేలు పెట్టాను. ఒప్పుకుంది. ఆ రోజు నుంచి నా కుడిచెయ్యి గురువు, ఎడమచెయ్యి శిష్యురాలు.

మొదటి వారం బల్ల మీద కూర్చుని, ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న చిక్కుడుకాయలు ఒలుచుకుని వచ్చేశాను. ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి? రెండో వారం ఆకస్మిక తనిఖీ ఉంటుందని ఐదు రోజుల ముందు ఉత్తరం వచ్చింది. అన్నట్టుగానే వామనరావు గారు ఆకస్మికంగా దిగారు. వెనక బెంచీలో కూర్చుని, తరగతి మొదలుపెట్టండమ్మా అన్నారు.

నేను హాజరు పట్టీ తీశాను. "బి. హైమవతి" అని పిలిచాను. కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి, ముందు బెంచీలో కూర్చుని, మళ్ళీ లేచి నిలబడి, "వచ్చానండి" అన్నాను. వెనక్కి వెళ్ళి టిక్కు పెట్టాను. తరవాత బోర్డు మీద పాఠం పేరు రాసి, బెంచీ దగ్గరికి వచ్చి నోట్సులో ఎక్కించుకున్నాను. గంటసేపు అలా తిరిగేసరికి మోకాళ్ళు పట్టేశాయి. వామనరావు గారు నవ్వుతారేమోనని ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. ఆయన రాసుకుంటున్నారు.

అయిపోయాక తన పరిశీలనలు చదివి వినిపించారు.

"ఒకటి. బోధకురాలు బోర్డు వద్ద ఉన్న సమయంలో విద్యార్థిని స్థానంలో లేరు. విద్యార్థిని స్థానంలో ఉన్న సమయంలో బోధకురాలు లేరు. కావున ప్రతి గంటకూ అరగంట మాత్రమే విద్యగా పరిగణించబడుతుంది. రెండు. విద్యార్థిని సందేహాలు అడగడం లేదు. ఇది భయం వలన కావచ్చును. బోధకురాలు స్నేహంగా మెలగాలి."

ముప్పై గంటలు అలా అరవై అయ్యాయి. ఆదివారానికి మూడు గంటల చొప్పున ఇరవై వారాలు. సారుకి చెబితే ఆయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. "మీ టీచరమ్మ ఎలాంటిదమ్మాయ్, కొడతాదా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అయినా తిరిగాను. ఇంకేం చెయ్యను, లైసెన్సు కావాలిగా.

సందేహాలు కూడా అడగడం మొదలుపెట్టాను. మొదట్లో తేలికవి అడిగి, మంచి ప్రశ్న అని నన్ను నేనే మెచ్చుకునేదాన్ని. పోనుపోను విద్యార్థినికి ధైర్యం వచ్చింది. సంక్రాంతి అయిన తరవాతి ఆదివారం బెంచీలోంచి లేచి ఇలా అడిగాను. "మేడమ్, ఇరవై రెండేళ్ళు ఒకరు రిపోర్టు రాసి ఇంకొకరు సంతకం పెడితే, ఆ రిపోర్టు ఎవరిదండి?"

అడిగి బోర్డు దగ్గరికి వెళ్ళాను. సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఖాళీ గదిలో నాకు ఏడుపొచ్చింది. చివరికి, అది సిలబస్‌లో లేదు, కూర్చో అన్నాను.

మార్చిలో పరీక్ష పెట్టాలి. పరీక్షాధికారిగా నేను రెండు ధ్రువపత్రాలు ఇవ్వాలట. మొదటిది, నా రక్తసంబంధీకులెవరూ పరీక్షకు కూర్చోవడం లేదని. నేనే కూర్చుంటున్నాను కదా, ఏం రాయమంటారని వామనరావు గారికి ఫోను చేశాను.

"సంబంధము అనగా ఇద్దరి మధ్య ఉండేది. మీరు ఒక్కరే. కావున మీకు మీతో ఏ సంబంధమూ లేదు. లేదని రాయండి."

రెండోది, ప్రశ్నపత్రం సంగతి అభ్యర్థులెవరికీ తెలియదని.

"అది నేనే తయారు చేశాను కదండీ."

"తయారు చేసి, సీలు వేసి, పిమ్మట మరచిపోవలసి ఉంటుంది. మరచిపోయినట్టు తేదీ వేసి పంపండి."

తేదీ వేసి పంపాను. అసలు దెబ్బ ఆ తరవాత తగిలింది. ప్రమాణాల పరిరక్షణ అని ఒక నియమం ఉందట. ఏ బ్యాచ్‌లోనైనా అందరూ పాసైతే పరీక్ష తేలిగ్గా ఉన్నట్టు లెక్క. అందుకని కనీసం పది శాతం మంది ఫెయిలై తీరాలి. ముక్కలు వస్తే పై అంకెకి సర్దాలి. నా బ్యాచ్‌లో ఉన్నది ఒకరు. ఒకరిలో పది శాతం అంటే, సర్దితే ఒకరు.

"అంటే నేను ఎలా రాసినా ఫెయిలేనా అండి?"

"ఫలితాన్ని ముందుగా వెల్లడించడం నిబంధనలకు విరుద్ధం" అన్నారు వామనరావు గారు. అయినా ఆయన కూడా మనిషే కాబట్టి గొంతు తగ్గించారు. "బ్యాచ్‌లో మరొకరుంటే, ఇద్దరిలో పది శాతం కూడా సర్దితే ఒకరే. ఒకరు ఫెయిలైతే ఒకరు పాసు కావచ్చును. చేరికకు గడువు ఫలితాలు ప్రకటించే వరకూ ఉంది. లైసెన్సుదారులకైతే హాజరు కూడా అక్కర్లేదు."

ఫోను పెట్టేసి బల్ల మీద తల వాల్చేశాను. సారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఫెయిలయ్యేవోడు ఒకడు కావాలి, అంతే కదా. నేను చేరతానమ్మాయ్."

"మీరా? మీరు నలభై ఏళ్ళుగా ఆడిటరండి."

"అయితే ఏంటి? ఖాళీ కాగితం ఇచ్చి బయటికొచ్చేస్తాను. అదేమన్నా పెద్ద విద్యా?"

ఆయన ఆ ఫారం మీద నవ్వుతూ సంతకం పెట్టారు. హాజరు అక్కర్లేకపోయినా మిగిలిన రెండు ఆదివారాలూ వచ్చి వెనక బెంచీలో కూర్చుని, సైడు కాలవ వాసన వస్తందండీ టీచరు గారూ, కిటికీ ముయ్యమంటారా, అని అల్లరి చేశారు. నేను రెండుసార్లు నిలబెట్టాను.

పరీక్ష రోజున ఖాళీ కాగితం ఇస్తారనుకున్న మనిషి మూడు గంటలూ తల ఎత్తలేదు. రెండుసార్లు అదనపు కాగితం అడిగారు. నేను రాసుకుంటూ రాసుకుంటూ లేచి వెళ్ళి ఇచ్చి వచ్చాను, పర్యవేక్షకురాలిని కూడా నేనే కాబట్టి. బయటికొచ్చాక గట్టిగా అడిగాను, మరి ఇదేంటండీ అని.

"మొదటి ప్రశ్న చూశానమ్మా. జవాబు తెలిసిపోయింది. తెలిశాక రాయకుండా ఎలాగుంటాం చెప్పు."

పేపర్లు దిద్దేటప్పుడు ఎవరిదో తెలియకుండా పేర్ల మీద కాగితం అంటించాలట. అంటించాను. ఒకదాంట్లో అక్షరాలన్నీ వణుకుతున్నాయి, రెండోదాంట్లో అక్షరాలు నావి. నాకు ఎనభై మూడు వేశాను. తొందరపాటు తప్పులు రెండున్నాయి, విద్యార్థిని కాస్త కంగారు మనిషి. సారు పేపరు నాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. ముక్క ముక్కా పట్టుకుని చదివాను. అరవై నాలుగు. నలభైకి పాసు.

"ముప్పై ఒకటి వేసెయ్ అమ్మాయ్" అన్నారు సారు. "ఆ గిలుకుడు చూసి ఎవడు అడుగుతాడు?"

"నా వల్ల కాదండి."

"నీ కోసమే కదా చేరాను."

"చేరారు, మరి ఫెయిలవ్వాల్సింది. సరైన జవాబు పక్కన సున్నా పెట్టమంటారేంటండీ? ఆడిటర్ని అవడానికి దొంగ అంకెల కింద సంతకం పెట్టనా?"

నాకు ఆయన మీద కోపం, మండలి మీద కోపం, అన్నింటికన్నా నా మీద నాకు కోపం. చేతిలో ఎర్రకలం ఉంది, రెండు అంకెలు మార్చడానికి రెండు క్షణాలు పట్టవు, మార్చలేకపోతున్నాను. ఇరవై రెండేళ్ళుగా పుస్తకాల్లో ఎవరైనా అంకె దిద్దితే ఎందుకు దిద్దారని నిలదీసిన చెయ్యి అది.

మార్చి ఇరవై తొమ్మిదిన నేను, సారు బడిలో ఉండగా, ఫలితాలు పెట్టడానికి వామనరావు గారు లాప్‌టాప్‌తో స్వయంగా వచ్చారు. అరవై నాలుగు, ఎనభై మూడు కొట్టారు. కంప్యూటర్ ఎర్రగా, "కనీస అనుత్తీర్ణత నమోదు కాలేదు" అంది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే అంది.

"ఎవరో ఒకరు ఫెయిలవ్వాలి" అన్నారు వామనరావు గారు.

"ఎవరూ ఫెయిలవ్వలేదండి" అన్నాను.

"సాయంత్రం ఐదులోగా పంపకపోతే జాప్యానికి బాధ్యుడిగా నా సర్వీసు రిజిస్టర్లో రాస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా రిజిస్టర్లో ఒక్క మచ్చ లేదమ్మా."

అప్పటికి నాలుగున్నర. ఆయన విజయవాడ ఫోను చేశారు, ఎవరూ ఎత్తలేదు. హెడ్మాస్టరు గారిని అడిగారు, పేరు ఇస్తారా అని. ఆయన తనకింకా సర్వీసుందని చెప్పి తాళాలు తీసుకుని వెళ్ళిపోయారు. ఎదురుగా టీ కొట్టాయన, చదవకుండా ఫెయిలవ్వడం తనకి ఇష్టం లేదన్నాడు. వామనరావు గారు తిరిగొచ్చి, పుస్తకం తెరిచి, పసుపు కాగితం దగ్గర ఆగారు. పరీక్షకు హాజరు కాని అభ్యర్థి అనుత్తీర్ణుడిగా పరిగణించబడును. చేరికకు ఇంకా పదిహేడు నిమిషాల గడువుంది.

ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు. తరవాత ఫారం తీసి, విద్య ముప్పై గంటలు తక్కువైనదన్న మొదటి వాక్యం కింద, అభ్యర్థి పేరు దగ్గర కొమరగిరి వామనరావు అని గుండ్రంగా రాశారు.

"ఏవండీ, మీరు ఆఫీసరు గదా" అన్నారు సారు కంగారుగా.

"నిబంధనకు ఆఫీసరని లేదండి" అన్నారాయన. మొహంలో ఒకరకమైన వెలుగు కూడా వచ్చింది. పరీక్ష: గైర్హాజరు. ఫలితం: అనుత్తీర్ణుడు. కంప్యూటర్ పచ్చగా వెలిగి, అభినందనలు అంది.

మార్చి ముప్పై ఒకటిన లైసెన్సు ఈమెయిల్లో వచ్చింది. అదే రోజు విద్య ముప్పై గంటలు తక్కువైన వ్యక్తి విద్యార్హతల విభాగంలో పనిచేయరాదని మండలి నుంచి వామనరావు గారికి నోటీసు కూడా వెళ్ళింది. ఆ విభాగం నోటీసులన్నీ ఆయనే జారీ చెయ్యాలి కాబట్టి, తన నోటీసు మీద తనే సంతకం పెట్టుకుని, తనే అందుకున్నారు. ప్రస్తుతం సెలవు మీద మా ఊళ్ళో అద్దెకుంటున్నారు. ఆదివారాలు తొమ్మిదికి పది నిమిషాల ముందే వచ్చి ముందు బెంచీలో కూర్చుంటారు. శ్రద్ధ గల విద్యార్థి, చక్కటి నోట్సు.

ఏప్రిల్ మొదటి వారంలో బోర్డు మీద నా పేరు రాయించాం. నా మొదటి రిపోర్టు పెనుమదం పాల సంఘానిది. పన్నెండు పేజీలు. తయారు చేసి బల్ల మీద పెట్టి, కలం మూత తీశాను. తీసి, ఎందుకో వెంటనే పెట్టలేకపోయాను. ముందుగదిలో పేపరు అయిపోయి ఊరికే కూర్చున్న సారు లేచి వచ్చి, ఏదీ ఇటివ్వమ్మా అని తీసుకెళ్ళారు. వాలుకుర్చీలో కూర్చుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు. గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు, అలాగా, అన్నారు. ఒకచోట వెనక్కి తిప్పి మళ్ళీ చదివారు. ఏం తప్పు పట్టుకున్నారోనని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

చివరి పేజీ మూసి నా వైపు చూశారు.

"ఎంత బాగా రాశావమ్మాయ్. ఆ మూడో పేరాలో ఆ సెక్రటరీని పట్టుకున్నావు చూడు, నాకైతే తట్టేది కాదు. ఇలా రాస్తావని నాకు ఇన్నాళ్ళూ తెలీదు."

"సార్" అన్నాను, "ఇరవై రెండేళ్ళుగా మీరు సంతకం పెట్టినవన్నీ ఇలాగే రాశానండి."

ఆయన ఆ రిపోర్టుని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకున్నారు. తరవాత గుండెల మీద చెయ్యి వేసుకుని, ఏదో పెద్ద భారం దిగినట్టు కుర్చీలో వెనక్కి వాలారు.

"హమ్మయ్య" అన్నారు. "అయితే ఆ సంతకాలన్నిటికీ ఏమీ పరవాలేదు."